మొదటిసారి పిలుపు

ఏం చేస్తుంటావని ఎవరడిగినా జగోర్కా ఇరవై రెండేళ్ళపాటు "మేజోళ్ళు కుడతాను" అనే చెప్పింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక కూడా ఓ ఏడాది అదే చెప్పింది, నోటికి అలవాటైపోయి. ఆ తర్వాత ఒకరోజు మున్సిపాలిటీ గోడ మీద కాగితం చూసి, వృత్తి విద్యా పాఠశాలలో పెద్దవాళ్ళ కోసం పెట్టిన "సొంత వ్యాపారం" కోర్సులో చేరింది. నలభై తొమ్మిదేళ్ళ మనిషి కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని మొదటి బెంచీలో కూర్చుంది. వెనక బెంచీ కుర్రకారు నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకుంది.

పాఠం చెప్పే తిహోమిర్ ఉత్తరాది నగరం నుంచి వచ్చినవాడు, ముప్పై దాటలేదు. అందరికీ నాలుగు గళ్ళ కాగితం ఇచ్చాడు. ఏం అమ్ముతారు, ఎవరికి అమ్ముతారు, వాళ్ళెందుకు కొనాలి, వాళ్ళను ఎలా పిలుస్తారు. జగోర్కా మొదటి గడిలో "పొగాచా" అని రాసింది. చేత్తో విరుచుకు తినే గుండ్రటి రొట్టె అది. రెండో గడిలో "మా ఊరివాళ్ళకి" అని రాసింది. మూడో గడిలో "తిని చూస్తే తెలుస్తుంది" అంది. నాలుగోది వదిలేసింది.

"జగోర్కా గారూ, ఈ గడి ఖాళీగా ఉందే?"

"ఖాళీగానే ఉంటుంది మాస్టారూ. పిలిచేదేముంది? వచ్చేవాళ్ళు వస్తారు."

"రాకపోతే?"

"నా రొట్టె తినడానికి రాకపోవడమేమిటి!"

ఇందులో ఆవిణ్ణి తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. దక్షిణ సెర్బియాలో పుట్టి పెరిగిన మనిషి. ఏడాదికోసారి ఇంటి దేవుడి పండుగ, స్లావా, వస్తుంది. ఆ రోజు ఎవరినీ పిలవరు. తలుపు తీసి, బల్ల నిండా వడ్డించి ఉంచితే చాలు, రావలసినవాళ్ళు వస్తారు. పిలవని పేరంటమే అక్కడ అసలైన పేరంటం. "మా ఇంటికి రండి" అని నోరు తెరిచి అడిగారా, మా గడప తొక్కేవాళ్ళు లేరని ఊరంతా చాటుకున్నట్టే. జగోర్కా ఇంటికి ఏటా ముప్పై మందికి తగ్గకుండా వస్తారు. రొట్టెల కొట్టుకు మాత్రం ఎందుకు రారు?

కోర్సు చివర అందరి కాగితాలూ చూసి, రొట్టె రుచి కూడా చూసి, పాఠశాలవాళ్ళు రోడ్డువైపు గదిని ఆరు వారాలు జగోర్కాకు ఇచ్చారు. అందులో పెద్ద బట్టీ ఉంది. ఆరు వారాలయ్యేసరికి రోజూ కొనేవాళ్ళు కుదిరితే గది ఆమెదే. కుదరకపోతే జాబితాలో రెండో మనిషికి పోతుంది. అతను బట్టీ పీకించేసి సెల్‌ఫోన్లు బాగుచేస్తాడట. ఆ మాట జగోర్కాకు సుతరామూ నచ్చలేదు. ఇంట్లో పొయ్యి ఎన్నాళ్ళనుంచో ఒక పక్క మాడ్చి, ఒక పక్క పచ్చిగా ఉంచేది. ఈ బట్టీలో రొట్టె ఎటు చూసినా ఒకే రంగు. మొదటిరోజే దానిమీద మమకారం పుట్టేసింది.

అక్టోబరు నడుమ ఓ సోమవారం తెల్లారేసరికి నలభై పొగాచాలు కాల్చి, తలుపు బార్లా తీసి, కొత్త ఏప్రాను కట్టుకుని నిలబడింది. బోర్డు పెట్టలేదు. ఎవరితోనూ ఒక్క మాట చెప్పలేదు. దారినపోయేవాళ్ళు వాసన పీల్చి, "ఆహా" అని, తల ఊపి వెళ్ళిపోయారు. మధ్యాహ్నం పోస్టుమాన్ లోపలికొచ్చాడు. పాఠశాల గుమాస్తా ఎక్కడుంటాడో కనుక్కుని వెళ్ళాడు.

సాయంత్రం ఇంకో తెలివితక్కువ పని చేసింది. చెయ్యికి ఎముక లేని మనిషి కదా, మిగిలినవన్నీ సంచుల్లో వేసి ఇరుగుపొరుగుకి ఊరికే పంచేసింది. రెండోరోజూ అంతే, మూడోరోజూ అంతే. మూడు వారాలు ఈగలు తోలుకుంటూ కూర్చుంది. అయినా మనిషి జంకలేదు. తన రొట్టె మీద ఆమెకు అనుమానం ఎన్నడూ రాలేదు. కోపం మాత్రం ఊరి మీద వచ్చింది.

నవంబరు ఎనిమిదిన వాళ్ళ స్లావా. ఎవరినీ పిలవలేదు, ఇల్లు నిండిపోయింది. కొవ్వొత్తి వెలిగింది, పిండితో పిట్టలూ ద్రాక్షగుత్తులూ చేసి అతికించిన పండుగ రొట్టెను కోసి వైన్ చిలకరించారు, క్యాబేజీ చుట్టలు ఖాళీ అవుతున్నాయి. పక్కింటి పెరూనికా నోటినిండా రొట్టె పెట్టుకుని అంది:

"వదినా, నీ చేతిలో ఇంత పనితనముంది, కొట్టు పెట్టుకోరాదూ? ఆ సూపర్‌మార్కెట్ దూదిముద్దలు తినలేక చస్తున్నాం!"

జగోర్కా చేతిలో పళ్ళెం టక్కున బల్ల మీద పెట్టింది.

"పెట్టి మూడు వారాలైందే!"

"ఎక్కడ?"

"రోజూ నువ్వు నా ముందునుంచే పోతున్నావుగా! బడి గదిలో!"

"అది కొట్టా? పైన బడి బోర్డు ఉంటే, ఇంకా చదువుకుంటున్నావేమో అనుకున్నాం. సాయంత్రం సంచీ పట్టుకొచ్చి ఊరికే ఇస్తుంటే, పాపం, నేర్చుకునేప్పుడు చెడిపోయినవి పంచుతోంది కాబోలు అని..."

"చెడిపోయినవా!"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. జగోర్కా ముఖం కందగడ్డయింది. "పిలవలేదని రాకుండా ఉంటారా? ఇవాళ ఎవరు పిలిచారని వచ్చారు?" అని గయ్యిమంది.

మూల కుర్చీలోంచి అత్తగారు స్టామెనా చేతికర్ర నేలకేసి కొట్టింది. ఎనభై ఒక్క ఏళ్ళావిడ, మాట మాత్రం ఇంకా పదునే.

"మీ మామ పిలిచాడే. నేను కాపురానికొచ్చిన ఏడు, సారా పోసిన చెక్క బుర్ర మెడలో వేసుకుని ఇంటింటికీ పోయి, ఫలానా రోజు మా పండుగ అని చెప్పొచ్చాడు. ఈ పెరూనికా అత్త ఆ బుర్రలోనే గుక్క తాగింది. ఆ ఒక్కసారి పిలుపుకే అరవై ఏళ్ళుగా వస్తున్నారు. రెండోసారి పిలవడం తప్పు. మొదటిసారి పిలవకపోవడం పొగరు."

"నాకు పొగరా, అత్తమ్మా?"

"కాక? అడగందే అమ్మైనా పెట్టదే, పిల్లా."

జగోర్కాకు సిగ్గేసింది, ఆ వెంటనే హాయిగానూ అనిపించింది. తన రొట్టెలో లోపం లేదు, ఊరిలోనూ లేదు. లోపం తన నోట్లో ఉంది, దాన్ని దిద్దుకోవచ్చు.

మర్నాడు పొద్దున్నే అత్తగారు పెట్టె అడుగునుంచి ఆ చెక్క బుర్ర తీసి, దాని మెడకు ఎర్ర ఊలు దారం కట్టి, ప్లమ్ సారా నింపి ఇచ్చింది. మామగారి పిలుపు తర్వాత, పెళ్ళి పిలుపులకు తప్ప అది బయటికి రాలేదు. జగోర్కా దాన్ని మెడలో వేసుకుని, వేడి పొగాచాలు బుట్టలో పెట్టుకుని ముందు పాఠశాలకు వెళ్ళింది. తిహోమిర్ పొద్దున్నే సారా ఏమిటని బిత్తరపోయాడు. "తాగండి మాస్టారూ, ఇది నా నాలుగో గడి" అంది. అక్కడినుంచి ఒక్క గడప వదల్లేదు. గుక్క తాగించి, ముక్క విరిచి చేతిలో పెట్టి, అన్ని చోట్లా ఒకటే మాట చెప్పింది:

"బడి గదిలో నా కొట్టు. రొట్టె ఊరికే ఇవ్వను, అమ్ముతాను. ఈ ఒక్కసారే పిలుస్తున్నా, మళ్ళీ పిలవను."

ఆరో వారం ఆఖరి రోజున తిహోమిర్ ఆ నాలుగు గళ్ళ కాగితం పట్టుకుని వచ్చాడు. గది బయటిదాకా జనం. పెరూనికా సంచీతో ముందు నిలబడి వెనకవాళ్ళతో దెబ్బలాడుతోంది. తిహోమిర్ గుమ్మం దగ్గర మర్యాదగా ఆగి, లోపలికి రమ్మంటుందేమోనని చూశాడు. జగోర్కా బట్టీలోంచి రొట్టెల పలక లాగుతూ చూసింది, రమ్మనలేదు.

"నన్ను పిలవరా, జగోర్కా గారూ?" అన్నాడు నవ్వుతూ.

"పిలిచాను కదా మాస్టారూ, ఒకసారి," అంది ఆవిడ. "లైన్లో నిలబడండి."