నాలుగో సిలిండర్ కొట్టని ప్రోగ్రాం

ముందే ఒప్పుకుంటున్నాను, నా చేతిలో పడితే చీమ కూడా ట్రాక్టర్ ట్రక్కంత అవుతుంది. నరసరావుపేటలో ఓ మేడమీద కంప్యూటర్ పాఠాలు చెప్పిన ఆ రోజుల్లో నాకు పదహారుమంది ఇంటర్ పిల్లలూ, మూడు కంప్యూటర్లూ ఉండేవి. వెనకవాళ్లకు తెర కనపడేది కాదు గనక, కనపడనిదాన్ని వినిపిద్దామని బుద్ధి పుట్టింది. 'ఇన్నిసార్లు చెయ్యి' అని రాస్తే కంప్యూటర్ అన్నిసార్లు 'టక్' మనాలి. లూప్ అంటే ఏమిటో వారం చెప్పినా ఎక్కనివాళ్లు ఒక్క పూటలో డప్పు దరువులు రాసేశారు. (కింద బట్టలకొట్టు శెట్టిగారు తిట్టడానికి మూడుసార్లు పైకొచ్చి, మూడోసారి తల ఊపుతూ దిగిపోయారు.)

అందరిలోకీ శ్రద్ధ గలది ట్రాక్టర్ మెకానిక్ భాయ్ కూతురు. ఆయనకు మాత్రం ఈ టకటకలు నచ్చలేదు. రేపు తనే వచ్చి చూస్తాననీ, పస లేకపోతే మాన్పిస్తాననీ అన్నాడట. ఆ పిల్ల కళ్లనీళ్లతో చెప్పింది. మర్నాడు, నాన్న షెడ్డులో రోజూ వినే ట్రాక్టర్ ఇంజను మోతనే ప్రోగ్రాంగా రాసుకొచ్చింది: సిలిండర్‌కు ఒకటి చొప్పున గబగబా నాలుగు దెబ్బలు, చిటికెడు విరామం, మళ్లీ మొదటికి. భాయ్ గ్రీజు చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు. పిల్ల మీట నొక్కింది. మేడ దడదడలాడింది (గోడమీద క్యాలెండరు రెండు నెలలు ముందుకు తిరిగింది). మేం చప్పట్లకు చేతులెత్తేలోపే ఆయన స్పీకరుకు చెవి ఆనించి, ఆపమన్నాడు. నాకూ ఎక్కడో లోటు వినిపించింది గానీ బయటపడలేదు.

"మూడే కొడుతున్నయ్. నాలుగోది పడట్లా."

"నాలుగే రాశా గదా."

"నువ్వు రాసింది నాకు తెలవదు. ఇనపడేది మూడు. చూసుకో."

చూస్తే నిజమే. ఒకటి నుంచి 'నాలుగు దాకా' అనుకుని 'నాలుగు కంటే తక్కువ ఉన్నంతసేపు' అని రాసింది. మూడు కొట్టి కంప్యూటర్ బుద్ధిగా ఆగిపోతోంది. పక్కన ఒక్క 'సమానం' గుర్తు కలిపి మళ్లీ నొక్కింది. భాయ్ చానాసేపు విన్నాడు. తర్వాత, మానిపించే మాట ఎత్తకుండా, నా వైపు తిరిగాడు.

"తప్పులన్నీ ఇట్టా చెవికి దొరుకుతయ్యా సారూ?"

కొన్ని దొరుకుతాయన్నాను.

"అయితే సాయంత్రాలు నేనూ వచ్చి మా పిల్ల పక్కన కూసుంటా. ఏందో చూద్దాం."

శెట్టిగారినీ, క్యాలెండరునూ కాస్త పెంచానంతే. పూర్తిగా కల్పించింది ఒక్కటే: నాకూ లోటు వినిపించిందన్నది. నాకేమీ వినపడలేదు. భాయ్ మూడే అన్నాక, మాస్టారునన్న బింకంతో గంభీరంగా తలూపానంతే. ఆ కుర్ర మాస్టారును తలుచుకుంటే ఇప్పుడు ముచ్చటేస్తుంది. పాపం, పదహారుమందికి వినమని పాఠం చెప్పి, తను వినడం భాయ్ వచ్చి కూర్చున్న ఆ సాయంత్రాల్లోనే నేర్చుకున్నాడు.