వెనక చక్రాలు చూసిన వైపు

తొమోఎకి భయం కొత్త కాదు. ముప్పై రెండో ఏట ఒకసారి ఒక కారు చక్రం బోల్టులు చేత్తో తిప్పి వదిలేసింది, పానాతో బిగించడం మర్చిపోయింది. కారు షెడ్డు వాకిలి దాటీ దాటకుండానే చక్రం ఊడి, దొర్లుకుంటూ పోయి, రోడ్డు పక్కన పేర్చిన ఆపిల్ బుట్టలకి గుద్దుకుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మామగారైతే పొట్ట పట్టుకుని నవ్వారు. ఆమె మాత్రం రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేకపోయింది. అప్పట్నించి ఇరవై నాలుగేళ్లుగా, తన చేతిమీదుగా వెళ్లిన ప్రతి కారు వెంటా ఆమె మనసు కొంతదూరం పోయి వచ్చేది. బిగించిన బోల్టుని మళ్లీ బిగించేది. తలుపు వేసి ఇంట్లోకి వెళ్లి, మళ్లీ వచ్చి చూసేది.

"చక్రాలు బిగిస్తున్నావా, పసిపిల్లల్ని జోకొడుతున్నావా?" అనేవాడు భర్త ర్యోహెయ్.

హిరోసకి ఊరి చివర, ఆపిల్ తోటలు అయిపోయి కొండదారి మొదలయ్యే చోట ఉంది వాళ్ల షెడ్డు. ఇంజన్లు ర్యోహెయ్‌వి. చక్రాల వరస సరిచూడ్డం తొమోఎది. కంప్యూటర్ యంత్రం కొనే స్తోమత వాళ్లకెప్పుడూ రాలేదు. మామగారు నేర్పిన దారం పద్ధతే ఆమెకి తెలుసు. కారుకి రెండు పక్కలా ఇనప స్టాండ్ల మీద సన్నటి దారం బిగించి లాగి, ఆ దారం నించి చక్రం అంచు ముందు భాగం ఎంత దూరం, వెనక భాగం ఎంత దూరం అని ఉక్కు స్కేలుతో కొలుస్తుంది. రెండూ సమానమైతే చక్రం నేరుగా చూస్తున్నట్టు. ఆమె కొలతంటే చుట్టుపక్కల ఊళ్లలో గురి ఉంది.

నవంబరు ఆఖర్లో ఒక గురువారం పొద్దున మికామి గారు వచ్చాడు. డెబ్బై నాలుగేళ్ల మనిషి, తోటలు కొడుక్కి అప్పగించి ఊరికే ఉంటున్నాడు. ఊరికే అనడం తప్పు. కొండ మీది వేడినీటి ఊట స్నానాలకి వెళ్లే బస్సు మూడేళ్ల కిందట ఆపేశారు. మోకాళ్ల నొప్పులకి ఆ నీళ్లు తప్ప మరేదీ పనిచెయ్యదని నమ్మే ముసలమ్మలు ముగ్గురున్నారు ఆయన వీధిలో. హిసా, ఉమెనో, కియో. ప్రతి గురువారం మధ్యాహ్నం వాళ్లని తన తెల్ల బండిలో తీసుకెళ్లి తీసుకొస్తాడు. బండికి ఇరవై మూడేళ్లు.

"దీనికి ఈమధ్య చాదస్తం ఎక్కువైంది," అన్నాడు ఆయన దిగుతూనే. "నేరుగా పోవాలంటే స్టీరింగు కుడికి తిప్పి పట్టుకోవాలి. లేకపోతే ఎడమకి పోతానంటుంది."

తొమోఎ వంగి వెనక టైర్లు తడిమింది. కుడి టైరు లోపలి అంచు నున్నగా అరిగిపోయింది. ఎడమ టైరు బయటి అంచు అరిగింది. ముందు టైర్లు బాగానే ఉన్నాయి.

"తంటా ముందు కాదు మికామి గారూ, వెనక ఉంది. దారం కట్టి చూస్తాను."

"కొలతలు తియ్యి, తియ్యి. కోటు కూడా కుట్టిద్దువు గాని. ఒంటిగంటకల్లా నన్ను వదిలెయ్. ఆలస్యమైతే హిసా నా చర్మం ఒలిచేస్తుంది."

కొలిచింది. కుడి వెనక చక్రం నాలుగు మిల్లీమీటర్లు బయటికి చూస్తోంది. ఎడమ చక్రం సరిగ్గా అదే నాలుగు లోపలికి. అంటే రెండూ కలిసి కుడివైపుకి చూస్తున్నాయి. ఇరుసు వంగితే ఒక్క చక్రమే దారి తప్పుతుంది. రెండూ ఒకేలా తప్పాయంటే ఇరుసు మొత్తం కొంచెం తిరిగిందన్నమాట. టార్చి పట్టుకుని కింద చూసింది. కిందటేడాది సర్కారు తనిఖీకి ముందు మికామి గారు ఎక్కడో దట్టంగా నల్లపూత పూయించాడు. అంతా నున్నగా, కొత్తదానిలా మెరుస్తోంది. ఇరుసుని బాడీకి కలిపేచోట రబ్బరు బుష్షు ముసలిదైపోయుంటుంది అనుకుంది. ఈ వయసు బళ్లలో మామూలే.

అలవాటు కొద్దీ, బండిని నాలుగడుగులు ముందుకీ వెనక్కీ నడిపించి, బ్రేకు వేయించి, మళ్లీ కొలిచింది. ఈసారి ఏడొచ్చింది.

తలుపు తెరిచి ఉంది. గాలికి దారం కదిలి ఉంటుంది అనుకుంది. రెండు అంకెలూ పుస్తకంలో రాసింది. పన్నెండున్నర దాటింది. మికామి గారు గడియారం చూసుకుంటూ నిలబడలేక నిలబడ్డాడు.

"బుష్షు తెప్పిస్తాను. సోమవారం రండి. ఈలోగా మెల్లగా నడపండి," అంది.

"నా వయసుకి వేగంగా నడపమన్నా నడపలేను," అని నవ్వి వెళ్లిపోయాడు.

మూడింటికి టీ గ్లాసు పక్కన పెట్టుకుని, బుష్షు కోసం చీటీ రాయడానికి పుస్తకం తెరిచింది. నాలుగు. ఏడు. పెన్ను ఆగింది.

తల తిప్పి చూసింది. బండి వెళ్లిపోయినా దారాలు ఇంకా అలాగే ఉన్నాయి. తలుపు ఇంకా తెరిచే ఉంది. బయట గాలికి మంచు పొడి ఎగురుతోంది. దారాలు మాత్రం గీత గీసినట్టు నిశ్చలంగా ఉన్నాయి. లేచి వెళ్లి వేలితో మీటింది. తీగలా మోగింది. గాలికి కదిలే బిగువు కాదది.

గాలి కాదు. వంగిపోయిన ఇరుసు ఎన్నిసార్లు కొలిచినా ఒకే అంకె ఇస్తుంది. అరిగిన రబ్బరు మిల్లీమీటరో, మహా అయితే రెండో తేడా చూపిస్తుంది. ఒక్కసారి బ్రేకు వేసినందుకే మూడు మిల్లీమీటర్ల తేడా వచ్చిందంటే ఇరుసుని పట్టుకోవాల్సినది దాన్ని పట్టుకుని లేదు. ఆ నల్లపూత కింద ఇనుము లేదు. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు ఇరవై మూడు చలికాలాలు తినేసిన తుప్పు ఉంది. సుత్తితో ఒక్కసారి కొట్టి ఉంటే తెలిసేది. కొట్టలేదు.

వెళ్లేటప్పుడు కొండ ఎక్కుడు, బ్రేకు అవసరం ఉండదు. వచ్చేటప్పుడు దిగుడు. పదకొండు మలుపులు. ప్రతి మలుపులోనూ బ్రేకు. ప్రతి బ్రేకుకీ ఇరుసు వెనక్కి గుంజుతుంది.

మికామి గారి ఫోను మోగి మోగి ఆగిపోయింది. స్నానాల ఇంటికి చేసింది.

"మికామి గారా? ఇప్పుడే బయల్దేరారమ్మా, అయిదు నిమిషాలు కూడా కాలేదు," అంది కౌంటరు దగ్గరి ఆడమనిషి. "ఏమైనా మర్చిపోయారా?"

ర్యోహెయ్ చెడిన కార్లని లాగే పెద్ద బండి తీసుకుని సామాన్ల కోసం పట్నం వెళ్లాడు. ఫోనులో విన్నాడు, వేళాకోళం ఆడలేదు. "పోలీసులకి నేను చెప్తాను. నేనూ వస్తున్నాను. నువ్వు మాత్రం..." అన్నాడు. మిగతాది ఆమె వినలేదు. చిన్న ట్రక్కు తాళం చెవి తీసుకుంది.

మంచులో ఆ కొండదారి మీద నడిపి ఆమెకి తొమ్మిదేళ్లయింది. కావాలనే మానేసింది. ఇప్పుడు స్టీరింగుని రెండు చేతులా పట్టుకుని రెండో గేరులో ఎక్కించింది. నాలుగు కాకముందే చెట్ల కింద చీకటి దిగుతోంది. మొదటి మలుపు. రోడ్డు అంచున ఇనప కంచె సరిగ్గానే ఉంది. రెండో మలుపు. కంచె ఉంది. ఆమె ఎదురొచ్చే బళ్ల కోసం చూడటం లేదు. కంచె ఎక్కడైనా తెగిందా అనే చూస్తోంది. మంచు మీద చక్రాల గుర్తులు పక్కకి పోయాయా అని చూస్తోంది. నాలుగో మలుపులో కంచెకి తెల్లగా ఏదో ఆనుకుని కనపడి ట్రక్కు ఆపేసింది. చూస్తే మంచుకుప్ప.

ఇంకో భయం అప్పుడు పుట్టింది. వాళ్లు కనపడితే ఎలా ఆపాలి? ట్రక్కు అడ్డం పెడితే ఆయన గట్టిగా బ్రేకు తొక్కుతాడు. ఆ ఒక్క తొక్కుడు చాలు. తను ఆపబోయే తీరుకే వాళ్లు చచ్చిపోవచ్చు.

ఆరో మలుపు దాటాక పైన లైట్లు కనిపించాయి. ట్రక్కుని పక్కకి తీసి, నాలుగు లైట్లూ వెలిగేలా మీట నొక్కి, దిగి, పైకి పరిగెత్తింది. ఆయన తనని ఎంత ముందుగా చూస్తే అంత మెల్లగా ఆగుతాడు. బూట్లు జారుతున్నాయి. యాభై అడుగులు, అరవై అడుగులు. నడిరోడ్డులోకి పోలేదు. అంచున నిలబడి, అరచెయ్యి కిందికి పెట్టి, దుప్పటి సర్దుతున్నట్టు మెల్లగా, మెల్లగా ఊపింది.

తెల్ల బండి మలుపు తిరిగింది. ఎదురుగా వస్తున్నా దాని కుడి వెనక చక్రం ఆమెకి పూర్తిగా కనపడింది. కనపడకూడదు. బండి ఎండ్రకాయలా ఓరగా వస్తోంది.

"మెల్లగా! బ్రేకు వద్దు! గేరు!" అని అరిచింది. అద్దాలు వేసి ఉన్నాయి. వినపడి ఉండదు. కానీ రోడ్డు పక్కన ముసలావిడ ఎవరో సాయం అడుగుతోందని అనుకున్నాడట ఆయన. గేరు తగ్గించాడు. ఇంజన్ మూలిగింది. బండి నెమ్మదించింది. ఆమె పక్కనించి దాటిపోయి, చివరి రెండు బారలకి బ్రేకు మీద కాలు వేశాడు.

ఠక్కున మోగింది. వెనక భాగం గిర్రున పక్కకి తిరిగింది. లోపల ముగ్గురూ కేకలు పెట్టారు. బండి జారి, కొండవైపు గట్టుకి పేర్చిన మంచులో వెనక తలుపు దాకా కూరుకుపోయి ఆగింది.

తొమోఎ జారుతూ బండి దగ్గరికి పరిగెత్తింది.

"ఎవరే అది? మతి పోయిందా?" అంటూ హిసా మొదట దిగింది. తలకి తువ్వాలు చుట్టుకునే ఉంది. తర్వాత ఉమెనో. కియో కదలనంది, ఒళ్లో ఉడకబెట్టిన గుడ్ల సంచీ పట్టుకుని అలాగే కూర్చుంది. ముగ్గురికీ ఒక్క గీత కూడా పడలేదు.

మికామి గారు ముఖం ఎర్రగా చేసుకుని వచ్చాడు. "తొమోఎ! ఏంటమ్మా ఇది? చంపేద్దామనా?"

తొమోఎ చేత్తో మంచు తోసి, మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేసి చూపించింది. ఇరుసు పట్టుకునే కొక్కెం బాడీ నించి ఊడిపోయి వేలాడుతోంది. సందులో చెయ్యి పట్టేంత ఖాళీ. ఆమె బొటనవేలితో నొక్కితే నల్లపూత గుడ్డుపెంకులా పగిలి, ఎర్రటి పొడి రాలింది.

ఆయన వంగి చూశాడు. తర్వాత కింద కనపడుతున్న మలుపులు చూశాడు. ఇంకా ఆరు.

"పొద్దున ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. గొంతు తగ్గింది కానీ కోపం తగ్గలేదు.

"అంకె మారింది. గాలనుకున్నాను. సుత్తితో కొట్టి చూడాల్సింది, చూడలేదు. తెలిసుంటే పంపేదాన్ని కాదు. తెలియాల్సింది, మికామి గారూ."

హిసా తువ్వాలు సర్దుకుంటూ, "వచ్చింది కదయ్యా. ఇంట్లో కూర్చుని ఏడిస్తే ఎవడికి లాభం? ఇంత చలిలో నిలబెట్టి తిట్టకు," అంది. కియో కిటికీలోంచి ఒక గుడ్డు అందించింది. ఇంకా వెచ్చగా ఉంది. తొమోఎ దాన్ని ఒలవకుండా జేబులో వేసుకుంది.

పోలీసు బండి వచ్చి ముసలమ్మల్ని ఇళ్లకి చేర్చింది. ర్యోహెయ్ వచ్చి తెల్ల బండిని పైకెత్తి తెచ్చాడు. అది నేరుగా తుక్కుకే పోయింది.

మికామి గారు రెండు నెలలు షెడ్డు వైపు రాలేదు. ఆ రెండు నెలలూ తొమోఎ ఆ మలుపులు ఎక్కుతూనే ఉంది, నిద్రలో. కలలో ఎప్పుడూ కంచె తెగే ఉండేది. పని మానేస్తానని ఒకసారి ర్యోహెయ్‌తో అంది. "నువ్వు మానేస్తే ఈ కొలతలు నేను తియ్యాలి. నాకు భయం తెలీదు. మరి జనం సంగతేంటి?" అన్నాడతను. అది ఎకసెక్కమో, నిజమో ఆమెకి తెలియలేదు.

ఫిబ్రవరిలో మికామి గారు ఒక పాత చిన్నబండి కొని తెచ్చి, తాళం చెవి బల్ల మీద పెట్టాడు. "చూడు," అన్నాడు. తొమోఎ దారం కట్టకముందే సుత్తి తీసుకుని కింద దూరింది. ప్రతి జానెడుకీ కొట్టి చూసింది. తర్వాత నాలుగుసార్లు కొలిచింది. నాలుగుసార్లూ ఒకే అంకె. ఒంటిగంట దాటిపోయింది. ఆయన కుర్చీలోంచి లేవలేదు, గడియారం చూడలేదు.

"ఇంకోసారి కొలుస్తావా?" అని మాత్రం అడిగాడు.

కొలిచింది.

గురువారాల భయం మాత్రం పోలేదు. మూడున్నరకి స్నానాల ఇంటికి ఫోను చేసి వాళ్లు బయల్దేరారా అని అడిగేది. నాలుగున్నరకి హిసా ఇంటికి చేసేది. హిసా మొదట విసుక్కుంది. తర్వాత తనే ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా ఫోను చేసి, "వచ్చాం, నలుగురం. ఇక నీ టీ తాగు," అని పెట్టేసేది. అప్పుడు తొమోఎ టీ పోసుకునేది.