సుసన్నమ్మ మూసిన కిటికీ

సుసన్నమ్మ శుభ్రత చూసి గోదావరిఖని కాలనీ ఆడవాళ్లు ముక్కున వేలేసుకునేవాళ్లు. మామ జ్ఞానయ్య తిన్న పళ్లేన్ని బూడిదతో తోమి, మరిగే నీళ్లలో ముంచి, విడిగా ఎండలో బోర్లించేది. ఆయన గ్లాసు మీద మేకుతో గీత గీసింది. ఆ గ్లాసును ఇంకెవరైనా ముట్టుకున్నారా, ఇల్లు పీకి పందిరేసేది.

అంత భయం ఎవరి కోసమంటే, ఎలిజబెత్ కోసం. చాలా ఏళ్లు ఎదురుచూడగా పుట్టిన ఒక్కగానొక్క కూతురు, ఇంకా ఉయ్యాల దిగని పిల్ల.

జ్ఞానయ్య బెల్లంపల్లి నుంచి బదిలీ మీద వచ్చిన పాత గని కార్మికుడు. ఆయన దగ్గును ఇంట్లో అందరూ బొగ్గు దుమ్ము మీదికి తోసేశారు. గనిలో దిగినవాడు దగ్గడా అనుకున్నారు. పంతొమ్మిది వందల డెబ్బై ఒకటి చలికాలంలో కళ్లెలో నెత్తురు పడ్డాకే కొడుకు యేసుదానం ఆయన్ను దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరు టీబీ అన్నాడు. సూదులు, గోళీలు ఒక్క పూట కూడా మానొద్దని, దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోవాలని, కిటికీ తెరిచి ఉంచాలని, పాపను ఆయన దగ్గర పడుకోబెట్టొద్దని చెప్పాడు.

యేసుదానం ఇంటికొచ్చి అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. సుసన్నమ్మ మాత్రం తనకు ముందే తెలిసిన మాటనే పట్టుకుంది. ఈ రోగం ఎంగిలితో అంటుతుందని ఆమె నమ్మకం. డాక్టరు ఆ మాట అననే లేదు.

ఇక కిటికీ సంగతి. పొద్దు గూకితే కాలనీలో ప్రతి గడప ముందూ బొగ్గుల పొయ్యి రాజేసేవాళ్లు. ఆ పచ్చి పొగ ఇంట్లోకి దిగి పాపకు ఊపిరాడనిచ్చేది కాదు. అందుకని సుసన్నమ్మ ఉన్న ఒక్క కిటికీకీ గోనెపట్ట కొట్టి, సందుల్లో గుడ్డపీలికలు కుక్కింది. ఏ తల్లయినా అదే చేస్తుంది, ఆమెను ఏమని తప్పుపడతాం? ఉన్నది ఒక్కటే గది. అందులోనే ముసలాయన మంచం, పక్కనే ఉయ్యాల. మనవరాలు ఏడిస్తే ఆయన దగ్గుతూనే ఉయ్యాల ఊపేవాడు.

"కిటికి తెరువుమన్నడు గదనే డాక్టరు," అన్నాడు యేసుదానం ఒకనాడు.

"తెరిస్తే పొగకు పిల్ల సచ్చిపోతది. తినే తల్లె, తాగే గిలాస వేరు వెట్టిన గద. ఇంకేం ఫికర్?" అని కసిరింది సుసన్నమ్మ.

వానలు మొదలయ్యే వేళకు పాపకు జ్వరం పట్టుకుంది. పళ్లు వస్తున్నాయి కదా, అందుకే అనుకున్నారు. తర్వాత వాంతులు మొదలయ్యాయి. మెడ కొయ్యలా బిగుసుకుపోయాక పాపను ఎత్తుకుని దవాఖానకు పరుగెత్తారు. వెన్నులోంచి నీరు తీసి పరీక్ష చేసి, టీబీ మెదడుకు పాకిందన్నారు.

"మామ ఎంగిలి నా బిడ్డ ఎన్నడు ముట్టలే సారూ! నేను ముట్టనియ్యలే!" అని గుండెలు బాదుకుంది సుసన్నమ్మ.

"ఎంగిలితో కాదమ్మా, ఆయన దగ్గిన గాలితో. మూసిన గదిలో అది ఎక్కడికి పోతుంది?" అన్నాడు డాక్టరు.

ఆ వారం దాటకుండానే పాప కన్నుమూసింది. సమాధి దగ్గర్నుంచి వచ్చిన సాయంత్రం సుసన్నమ్మ గోనెపట్టను రెండు చేతులా పీకి పారేసింది. పొగ ఇల్లంతా నిండింది. ఆమె కిటికీ దగ్గర్నుంచి కదలలేదు.

జ్ఞానయ్య గోళీలు మానకుండా మింగి బాగయ్యాడు. బతికి బట్టకట్టడమే ఆయనకు శిక్ష అయింది. రోగం పోయిందని డాక్టరు చెప్పినా, వానలో తడుస్తూ వరండాలోనే పడుకున్నాడు తప్ప ఆ గదిలో మళ్లీ అడుగుపెట్టలేదు.

ఆ తర్వాత ఏ ఇంట్లో దగ్గు ఆగకుండా వినబడినా సుసన్నమ్మ పిలవకుండానే వెళ్లేది. ఒకనాడు పక్క లైనులో సమ్మవ్వ ఇంటికి వెళ్లింది. సమ్మవ్వ మొగుడు దగ్గుతున్నాడు. అదే గదిలో మనవడి ఉయ్యాల ఉంది.

"ఆయన తల్లె వేరే వెట్టిన బిడ్డా," అంది సమ్మవ్వ.

"తల్లె కాదవ్వా, ముందుగాల ఆయనను దవాఖానకు తోలు. పిల్లగాన్ని గూడ సూపియ్యి. పొయ్యి గా మైదానంల రాజెయ్యి, పొగ వోయినంక ఇంటికి తెచ్చుకో. కిటికి మాత్రం ముయ్యకు."

"గింత సులువు పని, మరి నీ ఇంట్ల ఎందుకు చెయ్యలేదే?"

సమ్మవ్వ ఎత్తిపొడుపుగా అనలేదు, తెలియక అడిగింది. అయినా సుసన్నమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అప్పుడు నాకు పొగే కనవడ్డదవ్వా. గాలి కనవడలే," అని చెప్పి, సమ్మవ్వ కిటికీలో కుక్కిన గుడ్డలు ఒక్కొక్కటిగా బయటికి లాగడం మొదలుపెట్టింది.