చాచి పక్కన జాగా

మా ఎదురింటి చాచా పోయాడని తెల్లవారుజామున మసీదు మైకులో చెప్పారు. విన్నాను. పొంగబోతున్న పాలు దించి, గిన్నె మీద మూతపెట్టి, చెప్పులేసుకుని బయలుదేరాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్నప్పుడూ రావడం లేదు.

ఆయన దర్జీ. జహీరాబాద్‌లో సగం మంది పెళ్ళికొడుకుల కోట్లు తానే కుట్టానని చెప్పుకునేవాడు. నా పెళ్ళికోటు మాత్రం చంకల్లో బిగుతు. చాచి చనిపోయాక రోజూ పొద్దున్నే ఖబ్రస్తాన్‌కి వెళ్ళి, ఆమె సమాధి దగ్గర దువా చదివి వచ్చేవాడు. ఒక చలికాలం ఇంటికి ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు. ఏమిటని అడిగితే పిట్టలను చూస్తున్నానన్నాడు. ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగి నేనూ వెంట పోవడం అలవాటైంది.

పిట్టల పేర్లు ఆయనకు పెద్దగా తెలియవు, నాకు అసలే తెలియవు. ఆయన వాటి బట్టలు చూసేవాడు. గోడ మీద తోకాడిస్తూ పరుగెత్తే నలుపూ తెలుపూ పిట్టకు సఫారీ బాగా కుదిరిందట. కొంగకు కాలరు వదులట. నేను అటూ ఇటూ కదిలితే కసిరేవాడు: “పిట్టను చూసుడంటే ముందు కాళ్ళను ఊకోబెట్టుడు.” గోడవతల ముంబై రోడ్డు మీద లారీలు పోతూనే ఉండేవి. మేం మఫ్లర్లు చుట్టుకుని దొంగల్లా నిలబడేవాళ్ళం.

చాచి సమాధిని ఆనుకుని ఒక రేగు పొద ఉంది. చలి మొదలవగానే ఎక్కడినుంచో ఒక చిన్న పిట్ట అందులోకి వచ్చేది, ఎండలు ముదరకముందే వెళ్ళిపోయేది. పైన మాసిన నలుపు, కింద ఇటుక రంగు, ఆగకుండా వణికే తోక. కోటు పాతదైనా లైనింగు కొత్తదని చాచా నవ్వేవాడు. చుట్టం కదా అని దానికి మెహమాన్ అని పేరు పెట్టాడు. అది రావడం ఆలస్యమైన ఏడు ఆయనకు అన్నం సయించలేదు.

పోయిన చలికాలం ఆ పొదనే చూస్తూ అన్నాడు: “మీ చాచి పక్కన జాగా నిండింది బిడ్డా. ఆ పొద కొట్టనీయకున్రి. నన్ను జర దూరం పండబెట్టున్రి. ఇంట్ల గూడ నా గురకకు ఆమె వేరే మంచమేసుకుంటుండె.”

నవ్వాను. ఇంకేం చేస్తాం.

ఈ ఏడు ఆయన మంచం పట్టడంతో మేం అటు పోనేలేదు. మెహమాన్ వచ్చిందో లేదో కూడా తెలియదు. ఖననం రోజు నేను వెళ్ళేసరికి పొద దగ్గర ఒక మనిషి గొడ్డలి పట్టుకుని ఉన్నాడు. ఎక్కడ కొట్టాలో చాచా కొడుకు చూపిస్తున్నాడు. చాచా మాట, పిట్ట సంగతి చెప్పాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. పిట్ట కోసమా అని పెద్దలు గొణిగారు. అమ్మీ పక్కన పెట్టకపోతే లోకం ఏమంటుందని కొడుకు అడిగాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

“నీకు చెప్పిండన్నా. నాకెందుకు చెప్పలే?”

అతను తల్లి సమాధిని చూసి, గోడ వారన తవ్వమన్నాడు. అందరితోపాటు నేనూ మూడు పిడికిళ్ళ మన్ను వేశాను. చేతులు కడుక్కున్నాను. ఏమీ అనిపించలేదు.

మొన్న షిఫ్టు దిగాక కాళ్ళు అటే నడిచాయి. కొడుకు ముందే వచ్చి ఉన్నాడు. తండ్రి దగ్గర కాదు, పొదకు కాస్త ఇవతల, కదలకుండా. నా అడుగుల చప్పుడుకు తల తిప్పకుండానే, ఆగమని చెయ్యి వెనక్కి చాపాడు. ఆగాను. నేనున్న చోటు నుంచి కొమ్మలే కనబడుతున్నాయి. అతను మాత్రం చెయ్యి దించలేదు.