మిరపకోత సెలవులు

జిల్లా విద్యాశాఖ అధికారిగా నేను వెలగబెట్టిన ఘనకార్యాలన్నిటిలోకీ నాకు పేరు తెచ్చింది మిరపకోత సెలవులే. ఎనభైల నాటి సంగతి. సత్తెనపల్లి చుట్టుపక్కల కోతలు మొదలైతే బడులు ఖాళీ అయ్యేవి. మేష్టర్లు ఇళ్లకెళ్లి చెప్పినా రాని పిల్లల పేర్లు కొట్టేసేవాళ్లు. పేరు పోయిన ఆడపిల్ల మళ్లీ బడి మొహం చూసేది కాదు. అందుకని కోతలప్పుడు మూడు వారాలు సెలవులిచ్చి, పోయిన పాఠాలు తర్వాత సాయంత్రాలు చెప్పమన్నాను. పేర్లు కొట్టేయొద్దన్నాను. పైవాళ్లతో పోట్లాడి మరీ సాధించాను. దండలు వేస్తే సిగ్గులేకుండా వేయించుకున్నాను.

ఏడో తరగతి పరీక్షల మొదటిరోజున, నా గొప్ప నేనే చూసుకుందామని ఒక ఊరికి జీపులో వెళ్లాను. ఆ ఊళ్లో చర్చి వెనక పేట నుంచి ఏడో తరగతి దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల ఒకతి ఉండేది. అంతకుముందు ఏడాది బోర్డు మీద నేను చేసిన లెక్కలోనే తప్పు పట్టిన గడుసుపిండం. ఆ పిల్ల చోటు ఖాళీగా ఉంది. సెలవుల తర్వాత రానేలేదని హెడ్మాస్టరు నసిగాడు.

"మరి ఇంటికెళ్లి అడగలేదేమయ్యా?" అని అరిచాను.

"పేరు కొట్టేసే పనిలేదు గదండీ. వస్తుందిలే అనుకున్నాం."

నేనే వెతుక్కుంటూ వెళ్తే, కల్లంలో మిరపకాయలు ఏరుతున్న ఆ పిల్ల తల్లి నన్ను చూసి లేచి దణ్ణం పెట్టింది.

"సెలవులని పిల్లని కూలీల మేస్త్రి పర్చూరు తీసుకుపోయాడండి, పొగాకు పనికి. ఇదివరకైతే మేష్టారొచ్చి తిట్టేవోరు, ఆ భయానికన్నా పంపేవోళ్లం. ఈసారి పెద్దోళ్లే పనికి పొమ్మన్నారు గదా అనుకున్నామయ్యా."

నన్ను దెప్పడం లేదు. నిజంగానే అలా అనుకుంది. ఓరి నా తెలివి తెల్లారా! కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఆ మనిషి ముందు నిలబడలేక జీపెక్కాను.

ఒక్క పేపరు పోయినా ఏడాది పోయినట్టే. ఆ సంగతి నాకు తెలుసు, తెలిసీ డ్రైవర్ని తొందరపెడుతూనే ఉన్నాను. పర్చూరు చుట్టూ పొగాకు ఆరబెట్టే బ్యారన్లు నాలుగు వెతికేసరికి పొద్దు వాలింది. అయిదోదాని దగ్గర, పొగాకు కట్టల మధ్య కూర్చుని ఉంది. చేతులు జిగురుతో నల్లబడ్డాయి. నన్ను చూసి గబుక్కున లేచింది.

"సార్, పుస్తకాలు తెచ్చుకున్నానండి. రోజూ చదువుకుంటన్నా. పరీక్షలెప్పుడండీ?"

"పొద్దున్నే మొదలయ్యాయమ్మా," అని నా నోటితో నేనే చెప్పాల్సి వచ్చింది.

ఏడుస్తుందేమోనని చూశాను. కూర్చుని మళ్లీ ఆకులు ఏరడం మొదలుపెట్టింది.