మేము పంచుకున్న రోగులు

మొన్న ఎల్బీ నగర్ మెట్రో స్టేషన్లో నా పక్కన కూర్చున్న ఒకమ్మాయి ఫోనులో అమ్మతో కోస్తా యాసలోనూ, ఆ వెంటనే స్నేహితురాలితో అచ్చం మా నల్లగొండ యాసలోనూ గలగలా మాట్లాడేస్తుంటే, ముచ్చటపడాల్సింది పోయి నా గుండె కలుక్కుమంది.

ప్రత్యేక తెలంగాణ ఉద్యమం రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లోని మా చిన్న దవాఖానలో ఇద్దరు డాక్టర్లం ఉండేవాళ్ళం, నల్లగొండ పల్లె నుంచి వచ్చిన నేనూ, కృష్ణా జిల్లా నుంచి వచ్చిన నా మిత్రుడూ. మీకూ గుర్తుండే ఉంటుంది, అప్పట్లో మనసు బాగాలేదని ఎవరూ వచ్చేవారు కాదు, గుండెదడ అనో గ్యాసు అనో వచ్చేవారు. పరీక్షల్లో ఏమీ తేలకపోతే మా నర్సమ్మ బీపీ చూసే వంకతో కాసేపు కబుర్లాడి, తెలంగాణ వాళ్ళను నా గదికీ, కోస్తా వాళ్ళను పక్క గదికీ పంపేది. తమ యాసలో పలకరిస్తేనే మనిషి మనసు విప్పుతాడని మా నమ్మకం. తీరిక దొరికినప్పుడల్లా ముగ్గురం టీ తాగుతూ ఎవరెలా ఉన్నారో చెప్పుకునేవాళ్ళం. ఆ పద్ధతి చాలామందికి మేలు చేసింది, అది చూసుకుని నేను కాస్త మురిసిపోయేవాణ్ణి కూడా.

అలా నా గదికి వచ్చింది ఎల్బీ నగర్‌లో ఉండే ఒక బైకు మెకానిక్ భార్య. చేతుల్లో వణుకు, నిద్ర లేదు, అన్నం సయించదు. "గుండె దడదడ అంటున్నది సార్, జర చూడుండ్రి" అని మా ఊరి ఆడబిడ్డలాగే అనేది. మాత్రలు మార్చాను, మోతాదు పెంచాను, వచ్చిన ప్రతిసారీ, "పరేషాన్ కాకమ్మా, మన రాష్ట్రం మనకొస్తది, ఎవ్వల జాగకు వాళ్ళు పోతరు, అంతా మంచిగైతది" అని ధైర్యం చెప్పాను. ఆమె తలూపి వెళ్ళేది, మళ్ళీ వచ్చేనాటికి ఇంకా చిక్కిపోయేది.

ఒకసారి నేను చుట్టాల పెళ్ళికి ఊరెళ్ళినప్పుడు ఆమెను నా మిత్రుడు చూశాడు. "ఏమ్మా, భోంచేశావా?" అని ఆయన తన ధోరణిలో అడిగేసరికి ఆమె భోరుమని, గుంటూరు మాటల్లో అంతా చెప్పేసిందట. నల్లగొండ పిల్లవాణ్ణి ప్రేమించి పెళ్ళి చేసుకుని వచ్చిన మనిషి. భర్త ఊరేగింపులకు పోతుంటే, రాష్ట్రం వచ్చిన నాడు తనను కూడా పొమ్మంటారేమోనని, పుట్టింటివాళ్ళు ఎలాగూ రానివ్వరని, బజారులోనూ ఇంట్లోనూ చివరికి నా ఎదుట కూడా పుట్టిన యాస దాచుకుని బతుకుతోంది. నేను చెప్పిన ధైర్యమే ఆమెను తినేసింది.

నర్సమ్మ ఆ భర్తను పిలిపించి కూర్చోబెట్టింది, మిత్రుడు ఆమె మాట వింటూ మాత్రలు మెల్లగా తగ్గించాడు, ఆమె పక్క గదిలోనే కోలుకుంది. నేనెదురైతే నమస్తే పెట్టి చప్పున తప్పుకునేది.

రాష్ట్రం వచ్చింది, ఆమెను ఎవరూ పొమ్మనలేదు. ఇప్పుడు వీధికో కౌన్సెలింగ్ బోర్డు, దాపరికం లేకుండా వెళ్ళే పిల్లలు, చూస్తే సంతోషమే. మేము మాత్రం రాష్ట్రం విడిపోకముందే రోగులను పంచుకున్నాం. దేనికి భయమని ఆమెను నేను ఒక్కసారైనా అడగలేదు. అడిగినా చెప్పేది కాదు, ఆమె భయపడిన మనుషుల్లో నేనూ ఒకణ్ణి.