మతి పోయిన గూఢచారిణి, మార్త వాళ్ళమ్మ

దగ్గరికి జరిగి కూర్చోండి, పలాస వెళ్తూ, రాయపూర్ దాకా ఎక్కిన రైల్లో నేను చూసిన వింత చెబుతాను.

ఎదుటి సీట్లో మార్త అనే నర్సు వాళ్ళమ్మకు నవల చదివి వినిపిస్తోంది. యుద్ధంలో ఒక ఆడ గూఢచారి తలకు దెబ్బ తగిలి తన పేరే మరిచిపోయిందట. తుపాకీ గురి మాత్రం తప్పలేదట! రెండో దెబ్బ తగలగానే అన్నీ గుర్తొచ్చాయట.

“ఆ దెబ్బేదో రాసినవాడికే తగిలుంటుంది,” అన్నాను.

“కహానీ కదా పెద్దమ్మా! రెండేళ్ళయింది, మా అమ్మకు నేనెవరో తెలీదు. ఇది వింటే ఒక్కసారైనా పేరు పెట్టి పిలుస్తుందేమోనని,” అంది మార్త.

తిల్దా స్టేషను దాటాక మార్త టిఫిన్ డబ్బా విప్పింది. ఆ తల్లి చెంగు తలమీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది.

“ప్రభువా, ఈ అన్నం దీవించు. మా మార్త డ్యూటీలో ఉంది, దానికీ వేళకింత పెట్టు. ఆమెన్.”

కళ్ళు తెరిచి, “నువ్వూ తిను సిస్టర్, మీదే ఊరు?” అని కూతురినే అడిగింది. మార్త ఏడుస్తూనే ముద్ద నోట్లో పెట్టుకుంది.

ఆ రచయిత తన గూఢచారిణిని ఏడు దేశాలు తిప్పాడు గాని, ఒక్క పూట కూర్చోబెట్టి అన్నం పెట్టలేదు. పెట్టుంటే ఆమె ఎవరిని మరవలేదో వాడికీ తెలిసేది.

మీ ఇంట కంచం ముందు మీ పేరు తలచేవాళ్ళు పదికాలాలు చల్లగా ఉండాలి.